సెక్యూరిటీ ప్లగిన్ నుంచి ‘ఫైళ్లు మారాయి’ అని మెయిల్, మేమెవరం ఏమీ ముట్టుకోలేదు

కొత్తవాడ_జంపఖానా
వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల నేత. సైట్ నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద, దుకాణానికి పనికొచ్చే వూకామర్స్ ప్లగిన్ (తగిలించుకునే అదనపు ముక్క) పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. సైట్ చూసుకునేది నేనే, కోడింగ్ మాత్రం రాదు. ఈ పొద్దున సెక్యూరిటీ ప్లగిన్ నుంచి మెయిల్ వచ్చింది, ‘ఊహించని ఫైల్ మార్పులు కనిపించాయి’ అని. తెరిస్తే వందల ఫైళ్ల పేర్లు. మారినవి, కొత్తగా చేరినవి, పోయినవి అని మూడు వరుసలుగా ఇచ్చింది. సమయం రాత్రి 9:47 అని ఉంది. ఆ టైమ్‌కి ఇంట్లో అందరం భోజనాల దగ్గర ఉన్నాం, ఎవరూ లాగిన్ కాలేదు. నిన్న నేను చేసిందల్లా రెండు డిజైన్ల ధరలు మార్చడం.

హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే లిస్ట్ కూడా అడగకుండానే ‘హ్యాక్ అయి ఉంటుంది మేడమ్, క్లీనింగ్ ప్యాకేజీ తీసుకోండి’ అన్నారు. దసరా ఆర్డర్లు నడుస్తున్నాయి. సైట్ మూసేయాలా? నాన్నకు ఒకటే టెన్షన్.

ఎనుమాముల_మిర్చి
ధరలు మారిస్తే ఫైళ్లు మారవు అక్కా. ధర, వివరణ, ఆర్డర్ అన్నీ డేటాబేస్‌లోకి పోతాయి. ఫొటో ఎక్కిస్తే మాత్రం అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక్కో ఫొటోకి నాలుగైదు సైజుల్లో ఫైళ్లు తయారవుతాయి. కాబట్టి ఇది నీ ధరల వల్ల వచ్చింది కాదు.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
ఇటువంటి మెయిల్స్ నాకు వారం వారం వస్తాయి. ఫిల్టర్ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి పంపించేస్తున్నా. గోదావరిఖనిలో మా తమ్ముడి కోచింగ్ సెంటర్ సైట్ అది. ఇంతవరకు ఏమీ కాలేదు. టెన్షన్ పడకండి.

కాజీపేట_జంక్షన్
ఏమీ కాలేదా, అయినా నీకు తెలియలేదా అన్నా? చదవకుండా పక్కన పెట్టిన మెయిల్‌ను బట్టి ఏమీ కాలేదని ఎట్ల చెప్తవ్?

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
సైట్ నడుస్తోంది కదా.

కాజీపేట_జంక్షన్
హ్యాక్ అయిన సైట్లు కూడా చక్కగానే నడుస్తాయి. లోపలికి వచ్చినవాడికి కావలసింది కూడా అదే. సైట్ పడిపోతే నువ్వు వెతకడం మొదలుపెడతావు.

ఓరుగల్లు_కోడ్
చెల్లె, సైట్ మూయకు. పాస్‌వర్డ్‌లు మార్చడం, బ్యాకప్ వెనక్కి వేయడం కూడా ఈ గంటలో చేయకు. మెయిల్ ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో ముందు చూద్దాం.

ఈ ప్లగిన్లు ప్రతి ఫైల్‌కీ హ్యాష్ అని ఒకటి లెక్కగట్టి దాచుకుంటాయి, మనిషికి వేలిముద్ర లాగా. ఫైల్‌లో ఒక్క కామా మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. మళ్లీ స్కాన్ చేసినప్పుడు పాత లెక్కతో పోల్చి, తేడా ఉంటే మెయిల్ కొడుతుంది. దానికి తెలిసింది ‘పోయినసారి ఉన్నట్టు ఇప్పుడు లేదు’ అన్న ఒక్క సంగతే. మార్చింది నువ్వా, వర్డ్‌ప్రెస్సా, హోస్టింగ్ వాళ్లా, దొంగా అన్నది దానికి తెలియదు. ‘ఊహించని’ అనే మాట ప్లగిన్ తరఫున రాసి పెట్టిన మాట. అది చూసి భయపడకు, అట్లాగని కొట్టిపారేయకు.

ఇంకో రకం స్కాన్ కూడా ఉంది. వర్డ్‌ప్రెస్ సంస్థ తన ప్రతి వెర్షన్‌లోని ఫైళ్లకు అసలు హ్యాష్‌లు బయట పెడుతుంది. ఆ స్కాన్ మన ఫైళ్లను వాటితో పోలుస్తుంది. నీకు వచ్చింది మొదటి రకం లాగుంది, అందుకే అధికారిక అప్‌డేట్ అయినా గోల చేస్తుంది.

2013 అక్టోబర్‌లో 3.7 వెర్షన్ వచ్చినప్పటి నుంచి చిన్న అప్‌డేట్లను వర్డ్‌ప్రెస్ తనంతట తానే వేసుకుంటోంది. 5.6 తర్వాత కొత్తగా పెట్టిన సైట్లలో పెద్ద వెర్షన్లు కూడా మామూలుగా అంతే. నువ్వు లాగిన్ కావాల్సిన పని లేదు. ఎవరో ఒక విజిటర్ పేజీ తెరిస్తే చాలు, ఆ సమయానికి చేయాల్సిన పనులు వెనక నడుస్తాయి. డాష్‌బోర్డ్‌లో అప్‌డేట్స్ పేజీ తెరిచి వెర్షన్ ఎంతుందో చూడు, ఇదివరకు ఎంతుందో పాత బ్యాకప్‌లో చూడు. మారిన ఫైళ్లు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో రాసి పెట్టు. పూర్తి లిస్ట్ అక్కర్లేదు.

కాజీపేట_జంక్షన్
ఒక జాగ్రత్త. సైట్ ముఖ్యమైన సెట్టింగులుండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్నది ఇక్కడ పేస్ట్ చేయకు అక్కా, స్క్రీన్‌షాట్ కూడా వద్దు. డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది.

కొత్తవాడ_జంపఖానా
వెర్షన్ చూశాను, చివరి అంకె మారింది. అంటే అప్‌డేటే అయిందన్నమాట. కానీ అప్‌డేట్ అయితే వర్డ్‌ప్రెస్ మెయిల్ పంపుతుందని ఎక్కడో చదివాను. నాకైతే రాలేదు.

కాజీపేట_జంక్షన్
సెట్టింగ్స్‌లో జనరల్ తెరువు. అడ్మిన్ ఈమెయిల్ అని ఉంటుంది. ఎవరిది?

కొత్తవాడ_జంపఖానా
సైట్ చేసిచ్చిన అబ్బాయిది! ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు.

కాజీపేట_జంక్షన్
నేను అనుకున్నదే. నా దగ్గరకు వచ్చే సైట్లలో చాలావాటిది ఇదే కథ. సెక్యూరిటీ ప్లగిన్‌లో ఓనర్ మెయిల్ ఉంటుంది, వర్డ్‌ప్రెస్‌లో పాత డెవలపర్ మెయిల్ ఉంటుంది. ‘సైట్ అప్‌డేట్ అయింది’ అన్న కబురు అతనికి పోతుంది, ‘ఫైళ్లు మారాయి’ అన్న కబురు ఓనర్‌కి పోతుంది. రెండూ ఒకే మెయిల్‌బాక్స్‌లో పక్కపక్కన పడితే సగం భయం ఉండదు. 5.3 నుంచి లాగిన్ అయినప్పుడు ఆరు నెలలకోసారి ‘ఈ అడ్మిన్ మెయిల్ సరైనదేనా’ అని అడుగుతుంది. జనం చూడకుండా అవును అని నొక్కేస్తారు.

హంటర్‌రోడ్_సర్వర్
ఆ 9:47 మన టైమ్ కాకపోవచ్చు. చాలా సర్వర్లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. దానికి అయిదున్నర గంటలు కలిపితే తెల్లవారుజామున 3:17. మీరు భోజనం చేసినప్పుడు కాదు, అందరూ నిద్రలో ఉన్నప్పుడు. పైగా అది ఫైల్ మారిన సమయమా, ప్లగిన్ స్కాన్ చేసిన సమయమా అన్నది కూడా చూసుకోండి. చాలా మెయిళ్లలో ఉండేది స్కాన్ సమయమే. మార్పు దానికి ముందు ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు.

కొత్తవాడ_జంపఖానా
ఫోల్డర్ల వారీగా రాసుకున్నాను.
ఎక్కువ భాగం డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్‌లో ఉన్నాయి. లాంగ్వేజెస్ ఫోల్డర్‌లో కొత్తవి చేరాయి, పేరు చివర ‘ఎల్10ఎన్ డాట్ పీహెచ్‌పీ’ అని ఉంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ మారింది. డాట్ హెచ్‌టీయాక్సెస్ మారింది. క్యాష్ ఫోల్డర్‌లో లెక్కలేనన్ని. ఎర్రర్ లాగ్ ఒకటి. ‘డాట్ వెల్‌నోన్’ అనే ఫోల్డర్‌లో ఏదో ఒకటి పోయినట్టు చూపిస్తోంది. అప్‌లోడ్స్‌లో కొత్తగా రెండు పీహెచ్‌పీ ఫైళ్లు.

పసుపు_జగిత్యాల
లాంగ్వేజెస్ సంగతి నాకు బాగా తెలుసు, మా వార్తల సైట్ తెలుగు సెట్టింగ్‌లో ఉంటుంది. ఇంగ్లిష్‌లో సైట్ పెట్టుకున్నవాళ్లకు ఈ తలనొప్పి దాదాపు ఉండదు. అనువాదాలు చేసే వాలంటీర్లు ఏదైనా సరిచేస్తే ఆ అనువాద ఫైళ్లు మన సైట్‌కి వాటంతట అవే దిగుతాయి. పాతకాలంలో అవి ఎంఓ, పీఓ అనే ఉత్త అనువాద ఫైళ్లే, కోడ్ కాదు, కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. 2024 ఏప్రిల్‌లో 6.5 వచ్చాక, వేగం కోసం అవే అనువాదాలను పీహెచ్‌పీ (సర్వర్ నడిపే కోడ్) ఫైళ్లుగా కూడా ఇస్తున్నారు. ‘కొత్త పీహెచ్‌పీ ఫైల్ చేరింది’ అంటే ఏ సెక్యూరిటీ ప్లగిన్ అయినా ఉలిక్కిపడుతుంది. లోపల చూస్తే తెలుగు మాటల జాబితా తప్ప వేరే ఏమీ ఉండదు. ఒకటి తెరిచి చూడండి, ఇంగ్లిష్ వాక్యం ఎదురుగా తెలుగు వాక్యం కనిపిస్తుంది.

కొత్తవాడ_జంపఖానా
తెరిచాను, నిజమే. ‘కార్ట్‌కు జోడించు’ లాంటి మాటలే ఉన్నాయి.

మంచిర్యాల_లారీ
నాకు ఒకసారి సైట్‌లోని పీహెచ్‌పీ ఫైళ్లన్నీ మారినట్టు వచ్చింది. కారణం ఎఫ్‌టీపీ, అంటే సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించే పద్ధతి. మా సైట్ చూసే కుర్రాడు ఆస్కీ మోడ్‌లో (ఫైల్‌ను ఉత్త అక్షరాలుగా పంపేది) పెట్టి ఫైళ్లు ఎక్కించాడు. దాంతో వరుస చివర్లు విండోస్ పద్ధతి నుంచి లినక్స్ పద్ధతికి మారాయి. కంటికి ఒక్క అక్షరం తేడా కనిపించదు, హ్యాష్ మాత్రం వేరు. ఉన్నదున్నట్టు పంపే బైనరీ మోడ్‌లో ఎక్కించాక పోయింది.

ఓరుగల్లు_కోడ్
లారీ అన్న చెప్పింది మంచి ఉదాహరణ. ‘తేడా ఉంది’ అనేది ఒకటి, ‘అర్థం మారింది’ అనేది ఇంకొకటి.

చెల్లె లిస్ట్‌కి వద్దాం. అడ్మిన్, ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లలోవి అప్‌డేట్ వల్లే అని దాదాపు చెప్పొచ్చు, కానీ ఊహ మీద వదలొద్దు. వందల ఫైళ్ల మధ్య ఒక చెడ్డ ఫైల్ సులువుగా దాక్కుంటుంది. సీప్యానెల్‌లో (హోస్టింగ్ చూసుకునే పేజీ) టెర్మినల్ ఉండి, కమాండ్లతో వర్డ్‌ప్రెస్‌ను నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ పనిచేస్తుంటే ‘డబ్ల్యూపీ కోర్ వెరిఫై-చెక్‌సమ్స్’ అనే కమాండ్ ఉంది. కోర్‌ను, అంటే వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్లను, అసలు హ్యాష్‌లతో పోల్చి, తేడా ఉన్నవీ ఉండకూడనివీ చెబుతుంది. ప్లగిన్లకు కూడా ఇలాంటి కమాండ్ వేరే ఉంది, కానీ వర్డ్‌ప్రెస్ సైట్‌లో ఉచితంగా దొరికే ప్లగిన్లకే పూర్తిగా పనికొస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాటికి అసలు హ్యాష్‌లు అక్కడ ఉండవు. తెలుగు ప్యాకేజీతో సైట్ పెట్టి ఉంటే భాష కూడా చెప్పాలి, లేకపోతే వెర్షన్ ఫైల్‌లో తేడా చూపించి ఉత్త పుణ్యానికి భయపెడుతుంది.

కాన్ఫిగ్, హెచ్‌టీయాక్సెస్ (సర్వర్‌కి నియమాలు చెప్పే ఫైల్) రెండూ ఒకేసారి మారాయంటే, పేజీలు వేగంగా తెరవడానికి వాటి కాపీలు దాచే క్యాష్ ప్లగిన్‌ను ముందు అడగాలి. ఆన్ చేసినా, అప్‌డేట్ అయినా కాన్ఫిగ్‌లో డబ్ల్యూపీ-క్యాష్ అని ఒక వరుస, హెచ్‌టీయాక్సెస్‌లో తన పేరుతో మొదలూ చివరా గుర్తు పెట్టిన ఒక భాగం రాస్తాయి. హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ వెర్షన్ మార్చినా సీప్యానెల్ హెచ్‌టీయాక్సెస్ అడుగున తన ముక్క చేరుస్తుంది. పాత బ్యాకప్‌లోని ఫైల్, ఇప్పటి ఫైల్ పక్కపక్కన పెట్టి మారిన వరుసలు మాత్రమే చదువు.

హంటర్‌రోడ్_సర్వర్
డాట్ వెల్‌నోన్‌లో ఇట్లా కనిపిస్తే మామూలుగా ఎస్‌ఎస్‌ఎల్ (బ్రౌజర్‌లో తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్) రెన్యువల్. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు మూడు నెలలకు మించదు. సైట్ నీదేనని రుజువు చూపడానికి అక్కడ ఒక చిన్న ఫైల్ పెట్టి, పని అయ్యాక తీసేస్తారు. అందుకే పోయినట్టు కనిపించింది.

పసుపు_జగిత్యాల
క్యాష్ ఫోల్డర్‌ను స్కాన్ నుంచి తీసేయండి, సగం గోల పోతుంది. మేడారం జాతర సమయంలో మా సైట్‌కి వచ్చే జనానికి ప్రతి పేజీకీ క్యాష్ ఫైల్ తయారై, ఆ మెయిల్ స్క్రోల్ చేయలేనంత పొడుగు వచ్చేది.

కాజీపేట_జంక్షన్
ఫోల్డర్ మొత్తం తీసేయడం నాకు నచ్చదు. స్కాన్ చూడని చోటు ఎక్కడుందో దొంగకు కూడా తెలుసు, క్యాష్ ఫోల్డర్ అందరూ వదిలేసేదే. హెచ్‌టీఎంఎల్, లాగ్, ఫొటో ఫైళ్లను పొడిగింపు చూసి వదిలేయండి. పీహెచ్‌పీని మాత్రం ఏ ఫోల్డర్‌లోనూ వదలొద్దు.

పసుపు_జగిత్యాల
కొన్ని క్యాష్ ప్లగిన్లు పీహెచ్‌పీ ఫైళ్లే రాస్తాయి కదా? నీ లెక్కన అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

కాజీపేట_జంక్షన్
అటువంటి చోట ఫోల్డర్ వదులు, కానీ బయటి నుంచి ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా సర్వర్‌లో ఆపు. రెండూ వదిలేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

హంటర్‌రోడ్_సర్వర్
మీరిద్దరూ క్యాష్ దగ్గరే ఆగిపోయారు. అప్‌లోడ్స్‌లో రెండు పీహెచ్‌పీలు ఉన్నాయని అక్క రాసింది, అది ఎవరూ చూడలేదా? ఫొటోలు ఉండాల్సిన చోట కోడ్‌కి పనేంటి?

ఓరుగల్లు_కోడ్
అవును, అసలు చూడాల్సింది అదే. చెల్లె, ఆ రెండింటినీ బ్రౌజర్‌లో తెరవకు. సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ‘వ్యూ’ నొక్కి చదువు. పేరు, ఫోల్డర్, తేదీ చెప్పు.

కొత్తవాడ_జంపఖానా
మొదటిది ఒక ప్లగిన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైల్. లోపల ఒకే వరుస, ‘సైలెన్స్ ఈజ్ గోల్డెన్’ అని.

రెండోది 2021లో 03 ఫోల్డర్‌లో ఉంది. పక్కనున్న ఫొటోల్లాగే దీని తేదీ కూడా 2021 మార్చి. లోపల ఒకే పొడుగాటి వరుస, అర్థం లేని అక్షరాలు. మొదట్లో ‘ఇవాల్’ అనీ ‘బేస్64’ అనీ ఉన్నాయి. నాలుగేళ్ల కిందటి నుంచీ ఉందేమో? ప్లగిన్ ఇప్పుడు చూసిందేమో?

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
పాతదైతే ఏ డెవలపరో పెట్టి ఉంటాడు.

ఓరుగల్లు_కోడ్
మొదటిదాన్ని వదిలేయి. ఫోల్డర్ అడ్రస్ కొట్టినవాళ్లకు లోపలి ఫైళ్ల జాబితా కనిపించకుండా ప్లగిన్లు పెట్టే ఖాళీ ఫైల్ అది. వర్డ్‌ప్రెస్ తన ఫోల్డర్లలో కూడా అదే పెడుతుంది.

రెండోది హ్యాకింగే. అసలు కోడ్ కనిపించకుండా బేస్64 అనే రాతలో చుట్టి, దాన్ని విప్పి ఇవాల్ అనే ఆదేశంతో నడిపించడం ఫొటోల ఫోల్డర్‌లో ఎవరూ మంచికి చేయరు.

తేదీ సంగతి విను. ఫైల్ మేనేజర్ చూపించేది ‘చివరిసారి మార్చిన సమయం’. దాన్ని ఎవరైనా ‘టచ్’ అనే చిన్న కమాండ్‌తో తమకు కావలసిన తేదీకి మార్చుకోవచ్చు. పక్క ఫొటోల తేదీకి సరిపెడితే, తేదీ చూసి వెతికేవాళ్లకు చిక్కదు. లినక్స్‌లో ఇంకో సమయం ఉంటుంది, సీటైమ్ అంటారు. మామూలు అకౌంట్‌తో దాన్ని ఇష్టం వచ్చినట్టు దిద్దలేరు. టెర్మినల్‌లో ‘స్టాట్’ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే కనిపిస్తుంది.

సీటైమ్ చూడకముందే ఒక సంగతి తెలుస్తోంది. ఇది 2021 నుంచి ఉంటే నీ ప్లగిన్ మొదటి స్కాన్‌లోనే లెక్కలోకి వచ్చేది. ఈసారి ‘కొత్తగా చేరినవి’ వరుసలో వచ్చిందంటే పోయిన స్కాన్‌కీ ఈ స్కాన్‌కీ మధ్యే పెట్టారు. ప్లగిన్ తేదీని నమ్మలేదు, తన జాబితాను నమ్మింది. బొగ్గుబాయి అన్నా, ఈ మెయిల్స్ చదవాలనేది ఇందుకే.

కొత్తవాడ_జంపఖానా
స్టాట్ చూశాను. సీటైమ్ మొన్నటిది. అప్‌డేట్‌కి ఒక రోజు ముందు.

చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడే డిలీట్ చేయనా?

మానేరు_తీరం
ఆగండి. కరీంనగర్‌లో ఒక స్కూల్ సైట్‌కి నేను ఈ శుభ్రం చేసే పని చేశాను. ఎవరో డబ్బులు మిగులుతాయని దొంగ కాపీ థీమ్ పెట్టారు. దాంతో పాటే డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ వచ్చింది, దొంగ కాపీ థీమ్‌ల ద్వారా పాకేదే అది. కనిపించిన ఫైల్ తీసేస్తే మళ్లీ పుట్టేది. థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లో ఉన్న చిన్న ముక్క దాన్ని మళ్లీ రాస్తూ ఉండేది. మూలం తెలియకుండా ఒక్క ఫైల్ తీసేస్తే లాభం లేదు.

ఓరుగల్లు_కోడ్
ముందు ఆ ఫైల్‌ను మీ కంప్యూటర్‌లోకి జిప్‌గా దించుకో, సాక్ష్యం ఉండాలి. సీప్యానెల్‌లో రా యాక్సెస్ లాగ్ (సైట్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసి ఉండే ఫైల్) కూడా ఇప్పుడే దించు, కొన్ని హోస్టింగ్‌లలో అది కొద్ది రోజులకే చెరిగిపోతుంది. ఆ తర్వాత ఫైల్ తీసేయొచ్చు. లాగ్‌లో ఆ ఫైల్ పేరు వెతుకు. దాన్ని పిలిచిన ఐపీ (అవతలి కంప్యూటర్ అడ్రస్) దొరికితే, అదే ఐపీ దానికి కొద్ది నిమిషాల ముందు ఎక్కడికి ‘పోస్ట్’ చేసిందో, అంటే సైట్‌లోకి ఏదైనా పంపిందో చూడు. తలుపు అక్కడుంటుంది.

హంటర్‌రోడ్_సర్వర్
నా మాట వింటే పోయిన వారం బ్యాకప్ వెనక్కి వేసేయండి. గంటలో పని అయిపోతుంది.

ఎనుమాముల_మిర్చి
ఈ వారం వచ్చిన దసరా ఆర్డర్లో? డేటాబేస్ వెనక్కి వేస్తే అవన్నీ గోవిందా.

హంటర్‌రోడ్_సర్వర్
ఫైళ్లు మాత్రమే వెనక్కి. డేటాబేస్ ముట్టుకోవద్దు.

కాజీపేట_జంక్షన్
ఫైళ్లు వెనక్కి వేసినా వాడు వచ్చిన తలుపు కూడా వెనక్కి వస్తుంది కదా. బ్యాకప్ వేసిన రాత్రే మళ్లీ దూరుతాడు. అదీకాక ఫైళ్లన్నీ తిరిగి రాస్తే సీటైమ్‌లన్నీ ఇవాళ్టివి అయిపోతాయి, ఆ ఆధారం పోతుంది. తలుపు దొరికాక వెయ్యి.

కొత్తవాడ_జంపఖానా
సైట్ చేసిచ్చిన అబ్బాయికి ఫోన్ చేస్తే వెంటనే కూర్చున్నాడు, ఇద్దరం కలిసి లాగ్ చూశాం. దొరికింది. పాత ఫారం ప్లగిన్ ఒకటుంది, అతని కాలంలో ‘మీ డిజైన్ ఫొటో పంపండి’ అని పెట్టినది. అది డీయాక్టివేట్ చేసి చాలా కాలమైంది. ఆ ప్లగిన్‌లోని అప్‌లోడ్ ఫైల్‌కే పోస్ట్ చేశారు, ఆ తర్వాత ఈ ఫైల్‌ను పిలిచారు. ఆఫ్ చేసిన ప్లగిన్ ఎట్లా పనిచేసింది?

ఓరుగల్లు_కోడ్
డీయాక్టివేట్ అంటే వర్డ్‌ప్రెస్ దాన్ని పిలవదు అంతే. ఫైళ్లు సర్వర్ మీదే ఉంటాయి. ఆ ఫైల్ నేరుగా నడిచేలా రాసి ఉంటే, అడ్రస్ తెలిసినవాడు వర్డ్‌ప్రెస్‌తో పని లేకుండానే దాన్ని నడిపిస్తాడు. వాడని ప్లగిన్, వాడని థీమ్ డిలీటే చేయాలి.

ఇప్పుడు చేయాల్సినవి, ఆ తమ్ముడి సాయంతోనే చేయండి. ఫారం ప్లగిన్ పూర్తిగా తీసేయండి. యూజర్స్‌లో అడ్మినిస్ట్రేటర్లు ఎవరెవరున్నారో చూడండి, తెలియని పేరుంటే తీసేయండి. ప్రతి అడ్మిన్ ప్రొఫైల్‌లో అప్లికేషన్ పాస్‌వర్డ్స్ (బయటి యాప్‌లు లోపలికి రావడానికి ఇచ్చేవి) అని కింద ఉంటుంది, అదీ చూడండి. చాలామంది చూడరు. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్ ఉందేమో చూడండి, అందులో ఉన్నవి వాటంతట అవే నడుస్తాయి, మామూలు ప్లగిన్ల జాబితాలో ఆఫ్ చేయడానికి కూడా కుదరదు. అప్‌డేట్స్ పేజీలో రీఇన్‌స్టాల్ బటన్ నొక్కితే కోర్ ఫైళ్లు కొత్తవి వస్తాయి. ప్లగిన్లను ఒక్కొక్కటిగా తాజా కాపీతో మార్చండి. పాస్‌వర్డ్‌లు మార్చాల్సింది ఇవన్నీ అయ్యాకే, ముందు మారిస్తే లోపల ఉన్నవాడు కొత్తవి కూడా చదువుతాడు. డేటాబేస్ పాస్‌వర్డ్, సీప్యానెల్, ఎఫ్‌టీపీ అన్నీ మార్చండి. కాన్ఫిగ్‌లో ఉండే సీక్రెట్ కీలు మారిస్తే ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో అందరూ బయటపడతారు.

చివరగా అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ నడవకుండా నియమం పెట్టండి. అది ముందే ఉండుంటే ఫైల్ పడినా చచ్చిన పాములా పడి ఉండేది.

ఎనుమాముల_మిర్చి
కస్టమర్ల కార్డు నంబర్లు పోయాయా మరి?

కాజీపేట_జంక్షన్
చెల్లింపు గేట్‌వే పేజీలో జరుగుతుంటే కార్డు నంబర్ మన సైట్‌లో నిలవ ఉండదు. కానీ పేరు, ఫోన్, చిరునామా, ఏం కొన్నారో డేటాబేస్‌లో ఉంటాయి. వాడు కాన్ఫిగ్ చదివి ఉంటే అవి చేతికి చిక్కాయనే అనుకోవాలి. చెక్అవుట్ పేజీలో బయటి స్క్రిప్ట్ ఏదైనా చేరిందేమో కూడా చూడాలి.

మానేరు_తీరం
కస్టమర్లకు చెప్పేయండి అక్కా. ‘మీ పార్శిల్ ఆగింది, ఈ లింక్ నొక్కండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దని రెండు ముక్కల మెసేజ్ చాలు. కొత్తవాడ జంపఖానా కొనేవాళ్లు మిమ్మల్ని నమ్మి కొంటారు. డబ్బు పోయినవాళ్లెవరైనా ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమనండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

హంటర్‌రోడ్_సర్వర్
కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇటువంటివి తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకు తెలపాలి. మీది కంపెనీయా, సొసైటీయా, వ్యక్తి పేరు మీద ఉందా అన్నదాన్ని బట్టి ఒక సీఏనో లాయర్‌నో అడగండి. ఒక మెయిల్ పెట్టేస్తే పోయేదేమీ లేదు.

కొత్తవాడ_జంపఖానా
రాత్రంతా కూర్చుని చేశాం. తెలియని అడ్మిన్ ఒకడు నిజంగానే ఉన్నాడు, తీసేశాం. ఎంయూ-ప్లగిన్స్‌లో ఏమీ లేదు. చెక్‌సమ్స్ కమాండ్ కోర్‌లో అన్నీ సరిపోయాయని చెప్పింది. కాన్ఫిగ్‌లో మారింది క్యాష్ వరుసే. చెక్అవుట్ పేజీ శుభ్రంగా ఉంది. అడ్మిన్ మెయిల్ నా పేరు మీదకు మార్చాను. సెర్ట్-ఇన్‌కి మెయిల్ పెట్టాం, కస్టమర్లకు తెలుగులో, ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపాం. కొందరు ఫోన్ చేసి ‘చెప్పినందుకు థాంక్స్’ అన్నారు, ఒకామె ఇంకో ఆర్డర్ కూడా పెట్టింది.

ఆ హోస్టింగ్ వాళ్లకు లాగ్ పంపి, ‘లిస్ట్ ఒకసారి చూసి ఉంటే పొద్దున్నే చెప్పేవారు’ అని రాశాను. జవాబు రాలేదు.

మంచిర్యాల_లారీ
ఆ తమ్ముడికి ఒక మంచి జంపఖానా పంపండి అక్కా.

కొత్తవాడ_జంపఖానా
నాన్న అప్పుడే తీసి పక్కన పెట్టారు.

పసుపు_జగిత్యాల
కాజీపేట భాయ్, మా క్యాష్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా పెట్టించాను. ఫోల్డర్ మాత్రం స్కాన్ నుంచి వదిలేసే ఉంచాను. ఇద్దరి మాటా నెగ్గింది.

ఓరుగల్లు_కోడ్
ఒకటి చేర్చాలి. సైట్ లోపలే నడిచే ప్లగిన్‌కి ఒక పరిమితి ఉంది. లోపలికి వచ్చినవాడికి పూర్తి అధికారం దొరికితే ఆ ప్లగిన్‌నే ఆపేయొచ్చు, దాని జాబితాలో తన ఫైల్‌ను కూడా చేర్చేసుకోవచ్చు. అందుకే మెయిల్స్ రావడం హఠాత్తుగా ఆగితే అది కూడా ఒక కబురే. వీలుంటే సర్వర్ వైపు నుంచి ఇంకో స్కాన్ ఉండాలి, బ్యాకప్ వేరే చోట ఉండాలి. అప్‌డేట్ చేసిన రోజు, చేసినవాళ్ల పేరు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే మెయిల్ వచ్చినప్పుడు సగం లిస్ట్ దానితోనే కొట్టేయొచ్చు.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
ఫిల్టర్ తీసేసి పాత మెయిల్స్ అన్నీ ముందేసుకున్నా. దాదాపు అన్నీ క్యాష్, లాగ్‌లే. కాజీపేట భాయ్ చెప్పినట్టు పొడిగింపులు వదిలేసి మళ్లీ స్కాన్ చేస్తే ఇప్పుడు నాలుగు ఫైళ్లే వచ్చాయి. మూడు ఒక ప్లగిన్ అప్‌డేట్‌వి, వెర్షన్ సరిచూశా. నాలుగోది సైట్ మొదటి ఫోల్డర్‌లో ‘డాట్ యూజర్ డాట్ ఐఎన్‌ఐ’. ఇదేంటి?

ఓరుగల్లు_కోడ్
లోపల ‘ఆటో ప్రిపెండ్ ఫైల్’ అనే వరుస ఉందా? ఉంటే ఏ ఫైల్ పేరు చెబుతోంది? ప్రతి పేజీ కంటే ముందు ఆ ఫైల్ నడుస్తుంది, కాబట్టి పేరు ముఖ్యం.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
ఉంది. ‘వర్డ్‌ఫెన్స్-వ్యాఫ్’ అని ఉంది. మా తమ్ముడు మొన్ననే వర్డ్‌ఫెన్స్ అనే ఫైర్‌వాల్ ప్లగిన్ వేశానన్నాడు.

ఓరుగల్లు_కోడ్
ఫైర్‌వాల్‌ను పూర్తి రక్షణకు మారిస్తే ఆ వరుస అదే రాస్తుంది. ఆ పేరుతో ఫైల్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి, తెరిచి చూడు. వర్డ్‌ఫెన్స్ తీసేయాలనుకుంటే ముందు ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి తీయి, లేకపోతే అప్పటికే పోయిన ఫైల్‌ను ఆ వరుస వెతుకుతుంది, సైట్ మొత్తం ఎర్రర్‌తో పడిపోవచ్చు.

బొగ్గుబాయి_సెకండ్‌షిఫ్ట్
ఉంది, చూశా. తమ్ముడికి కూడా చెప్పి, మెయిల్ వాడి ఐడీకి కూడా వచ్చేలా పెట్టా.